ఆ ప్రకటనలో నేను వదిలేసిన మాట

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల మీ పేపరు విశాఖ ఎడిషన్‌లో మా నాన్న పెద్దకర్మ ప్రకటన వేయించాను. చిన్నదే. ఫొటో, పేరు, వయసు 72, తేదీ, భోజనాలు ఎక్కడో, చివర 'కుటుంబ సభ్యులు' అని ఒక ముక్క. డబ్బు కట్టేటప్పుడు కౌంటర్లో ఉన్న అబ్బాయి మర్యాదగానే అడిగాడు, "పేరు కింద హోదా ఏం రాయమంటారు మేడమ్?" అని. నేను వెంటనే చెప్పలేదు. అంతకుముందు రోజు పేపరు అతని బల్ల మీదే తెరిచి ఉంది, అందులో ఒకాయన స్టీల్ ప్లాంటులో రిటైర్డ్ ఫోర్‌మన్, ఇంకొకాయన పోర్టులో చేసి రిటైరయ్యారు, ఒకావిడ రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్. వాటి వంక చూసి "ఏమీ అక్కర్లేదు బాబూ, వదిలేయండి" అన్నాను. అతను వదిలేశాడు. తప్పు మీది కాదు, నాది. నిజానికి 'సవరణ' అని పెట్టి కింద "ఆయన వడ్రంగి" అని ఒక్క లైను వేస్తే సరిపోతుంది, కానీ రాయడం మొదలుపెట్టాక ఒక్క లైనులో ఆగేలా లేదు. పొడుగనిపిస్తే మీరే కత్తిరించుకోండి. ఆయన కూడా కర్ర ఎప్పుడూ రెండంగుళాలు ఎక్కువే కోసుకునేవాడు, పొడుగైతే తగ్గించుకోవచ్చు, కురచైపోతే పొయ్యిలోకే అనేవాడు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని, 44 ఏళ్లు. ఆ కౌంటర్ దగ్గర నోరు పెగలకపోవడం నాకు కొత్త కూడా కాదు. ఇంటర్లో చేరేటప్పుడు ఫారంలో తండ్రి వృత్తి అన్న చోట 'వుడ్ వర్క్స్ బిజినెస్' అని రాశాను. నాన్న సంతకం పెట్టడానికి తీసుకుని, కూడబలుక్కుని చదివి, "బిజినెస్సేటే గుంటా, నా కాడ సంచి తప్ప ఏటుంది?" అని నవ్వి, సంతకం పెట్టేశాడు (మా వైపు గుంట అంటే ఆడపిల్ల). ఆయన చదువు ఐదో తరగతి. కోపం వస్తే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది.

మాది చోడవరం దాటాక లోపలికి వెళ్లే ఒక పల్లె. తాతయ్య ఎడ్లబళ్లు చేసేవాడు, నాగళ్లు, కాడి, పొలానికి ఏది కావాలంటే అది, కూలి మాత్రం ఏడాదికోసారి కళ్లంలో ధాన్యం కొలిచి ఇచ్చేవారు. తుమ్మకర్రతో చక్రం ఆకులు చెక్కడం, ఇనప పట్టా ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్లు కొడితే అది బిగుసుకుని మొత్తం చక్రాన్ని పట్టేసుకోవడం, ఇవన్నీ నాన్న మాకు చెబుతుంటే నానమ్మ అడ్డచుట్ట కాల్చుకుంటూ పక్కనే కూర్చుని తప్పులు దిద్దేది. ట్రాక్టర్లు వచ్చాయి, ఫ్యాక్టరీకి చెరకు తోలే బళ్లు తగ్గిపోయాయి, ఒక ఊళ్లో తండ్రికీ కొడుక్కీ చాలినంత పని లేదు. 1982లో అమ్మనీ, ఏడాది పిల్లనైన నన్నూ, తాతయ్య ఇచ్చిన, కర్ర చెక్కే బాడిసనీ తీసుకుని విశాఖ బస్సెక్కాడు.

అప్పుడు అందరూ స్టీల్ ప్లాంటు పనికే వచ్చేవారు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని 1966లో జనం ప్రాణాలిచ్చి సాధించుకున్న ఫ్యాక్టరీ, 1971లో ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేసి వెళ్లాక కూడా ఏళ్లకేళ్లు నత్తనడకే, నాన్న వచ్చిన ఏడాదే అక్కడ పనులు గట్టిగా మొదలయ్యాయి. ఆయనకి దొరికింది సెంట్రింగు పని. చెక్కలు కట్టడం, అందులో కాంక్రీటు పోస్తారు, గట్టిపడ్డాక ఆ చెక్కలు ఊడగొట్టడం. రెండేళ్లు చేసి మానేశాడు. కూలి బాగానే వచ్చేదట, అమ్మ ఇప్పటికీ అంటుంది. "కట్టిందీ మనమే, పీకిందీ మనమే, ఇదేటి పని" అన్నది ఆయన వాదన. 1992లో పి.వి. నరసింహారావు వచ్చి ప్లాంటుని జాతికి అంకితం చేసినప్పుడు పక్కింటి టీవీలో చూస్తూ, "అంత ఫ్యాక్టరీలో నా చెక్క ఒక్కటీ లేదురా" అన్నాడు. బాధగా అన్నాడో నవ్వుతూ అన్నాడో గుర్తులేదు, నాకు పదకొండేళ్లు.

మధ్యలో ఒక సీజను ఫిషింగ్ హార్బర్లో బోట్ల రిపేరు కూడా చేశాడు, చెక్కకీ చెక్కకీ మధ్య సందుల్లో దూది కూరి గుగ్గిలం పట్టించేవారు, ఇంటికొస్తే చేపల కంపు, గుగ్గిలం వాసన కలిసి వచ్చేవి, స్నానం చేసేదాకా అమ్మ ఆయన్ని గుమ్మం దాటనిచ్చేది కాదు. ఆ తర్వాత ఇక ఇళ్ల పనే. విశాఖ ఊరు ఊరంతా అప్పుడే కదా ఇళ్లు కడుతోంది, అక్కయ్యపాలెం, సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, మురళీనగర్. నలభై ఏళ్లు తలుపులూ కిటికీలూ చేశాడు. ఎన్ని చేశాడో ఎవరూ లెక్క రాయలేదు, లెక్కల టీచరు కూతురుండి కూడా.

నాన్న పని గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. కర్ర చచ్చాక కూడా గాలి పీలుస్తుంది అనేవాడు. వానాకాలం ఉబ్బుతుంది, ఎండలకి తగ్గుతుంది, అదీ పొడుగులో కాదు, అడ్డంగా. అందుకని తలుపు చట్రంలో పలక బిగించేటప్పుడు గాడిలో జిగురు వెయ్యనిచ్చేవాడు కాదు, పలక గాడిలో కొంచెం ఆడుతూ ఉండాలి, ఆడనివ్వకుండా అంటించేస్తే రెండో ఏడాదికి నడిమికి చీలుతుంది. ఎండాకాలంలో తలుపు ఎక్కిస్తే ద్వారబంధానికీ తలుపుకీ మధ్య ఎన్ని నూళ్ల సందు ఉంచాలో చేత్తో తడిమి చెప్పేవాడు (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు, నేను భిన్నాలు నేర్చుకున్నది బడిలో కాదు, ఆయన టేపు మీద). సముద్రం దగ్గర ఇళ్లకి ఇత్తడి మడతబందులే వాడమని ఇంటివాళ్లతో గొడవ పెట్టుకునేవాడు, ఇనపవి ఈ ఉప్పుగాలికి నాలుగేళ్లు ఆగవని. కొందరు వినేవారు, కొందరు ఖర్చని వినేవారు కాదు. విననివాళ్ల ఇంటి వైపు నుంచి బస్సులో వెళ్తున్నా సరే కిటికీలోంచి చూసి "అదిగో, తుప్పు" అనేవాడు. అందులో ఆయనకి కొంచెం సంతోషం ఉండేదని చెప్పక తప్పదు.

అసలు సంగతి తలుపు పై అంచు. మీ ఇంట్లో ఏ తలుపైనా తీసుకోండి, ముందూ వెనకా రంగు ఉంటుంది, పై అంచుకి ఉండదు. కళ్లకి కనబడదు కాబట్టి పెయింటర్లు వదిలేస్తారు. నిలువు కర్రల కొనలు తేలేది అక్కడే, చెమ్మ ఎక్కువ పీల్చేదీ ఆ కొనల్లోంచే, విశాఖ గాలిలో ఉండే తేమకి తలుపు అక్కడినించే పాడవుతుంది. పెయింటర్లతో తగువులు పడీ పడీ విసుగెత్తి, తలుపు ఎక్కించే ముందు పైనా కిందా అంచులకి తనే వార్నిష్ పట్టించేవాడు. ఆ పని మాత్రం శిష్యులకి ఇచ్చేవాడు కాదు. పొద్దు గూకే వేళ, అందరూ సామాను సర్దుకుంటుంటే, ఒక్కడూ కూర్చుని చేసుకునేవాడు. ఎందుకో మాకు ఇప్పుడు తెలిసింది, అది చివర్లో చెబుతాను.

ఇంటి విషయం. నాన్న రాత్రి అన్నం మాతో తినకుండా ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తొంభైల్లో మా వైపు వడ్రంగులు చాలామంది దుబాయ్, మస్కట్ వెళ్లారు, నాన్న పినతండ్రి కొడుకులు ఇద్దరూ వెళ్లి మిద్దెలు వేసుకున్నారు. ఈయన్ని కూడా రమ్మన్నారు, పాస్‌పోర్టు దాకా వెళ్లింది వ్యవహారం. "రెండేళ్లకోసారి వచ్చి, నేను మీ నానని అని పిల్లలకి సెప్పుకోవాలేటి?" అని ఆగిపోయాడు. అమ్మకి దాని మీద చాలాకాలం కోపం. ముగ్గురు పిల్లల ఫీజులు, నానమ్మ మందులు, చీటీపాట వాయిదా, వీటన్నిటికీ సమాధానం చెప్పాల్సింది అమ్మే. పైగా నాన్నకి ఒక జబ్బు, బాకీ అడగలేకపోవడం. గృహప్రవేశం అయ్యాక ఇస్తామన్నవాళ్లు గృహప్రవేశానికి పిలిచి భోజనం పెట్టి పంపేవారు, ఈయన బాగా పెట్టారు అని మెచ్చుకుంటూ వచ్చేవాడు. ఇలా ఎగ్గొట్టినవాళ్లలో పెద్దపెద్ద ఉద్యోగాలవాళ్లు ఉన్నారు, పేర్లు రాయను.

సింహద్వారం ఎత్తే రోజు మాత్రం మాకు పండగ. ముహూర్తానికి పసుపు, కుంకుమ, మామిడాకులు, కింద నవధాన్యాలు, నాణెం వేసి గుమ్మం ఎత్తాక వడ్రంగికి కొత్తబట్టలు పెడతారు. పెళ్లయ్యాక నాన్న తనకని ఒక్క పంచె కూడా కొనుక్కోలేదు, అన్నీ గుమ్మాలు ఇచ్చినవే. ఏ పంచె ఏ ఇంటిదో అమ్మకి కంఠతా వచ్చు. "సీతమ్మధార పంచె చిరిగిపోయింది, మురళీనగర్ది కట్టుకో" అనేది. తువ్వాళ్లు మాకు బడి సంచీలయ్యేవి. సంచిలో చిత్రిక పట్టిన పొట్టు కూడా వచ్చేది, నీళ్లు కాచుకోవడానికి. అడుగున ఎప్పుడూ మాకేదో ఉండేది, బొంగరం, గిలక, ముగ్గురికీ మూడు ఎత్తుల్లో పీటలు. ఏటికొప్పాక బొమ్మల్లా వాటికి రంగులుండేవి కావు, తమ్ముడు అందుకని ఏడ్చేవాడు, అప్పుడు అమ్మ పసుపు రాసి ఇచ్చేది.

మా సొంతిల్లు 1999లో కట్టుకున్నాం, కంచరపాలెంలో, రెండు గదులు. వీధి తలుపు చూస్తే నవ్వొస్తుంది, ఒక పలక బల్లార్షా టేకు, ఒకటి వేప, ఒకటి పనస, చట్రం నల్లమద్ది, అన్నీ వాళ్లింట్లో వీళ్లింట్లో మిగిలిన ముక్కలే, అడిగి తెచ్చుకున్నవి. చూసినవాళ్లు ఇదేం డిజైన్ అనేవారు. అక్టోబర్ 12, 2014, ఆదివారం, హుద్‌హుద్ తుపాను వచ్చి ఊరిని ఊపేసిన రోజున మా వీధిలో గాలికి తెరుచుకోని తలుపు అదొక్కటే.

ఆ తుపాను సంగతి కొంచెం రాస్తాను, ఎందుకంటే నాన్న వయసు అప్పటికి 61, పని తగ్గించేశాడు. ఇంటింటికీ రెడీమేడ్ తలుపులు, ప్లైవుడ్, మాడ్యులర్ కిచెన్ వచ్చాక ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గారు, ఆయనకీ మిషన్ల దుమ్ముతో ఆయాసం మొదలైంది. హుద్‌హుద్ తర్వాత మా వీధికి కరెంటు రావడానికి పది రోజులు పట్టింది. కుర్ర కార్పెంటర్లందరి దగ్గరా కట్టింగు మిషను, డ్రిల్లింగు మిషను, అన్నీ కరెంటువే, అవి ముందేసుకుని కూర్చున్నారు. నాన్న అటక మీంచి చేతిరంపం, చిత్రిక, చేత్తో తిప్పి బెజ్జాలు వేసే బర్మా దింపాడు. పొద్దున్నే బయల్దేరి ఊడిపోయిన తలుపులు, విరిగిన కిటికీ రెక్కలు, మా వీధి, వెనక వీధి, అలా జ్ఞానాపురం దాకా వెళ్లిపోయాడు. ఊరికే చేశాడని రాస్తే బాగుంటుంది గానీ ఊరికే చెయ్యలేదు, కూలి తీసుకున్నాడు. తుపానుకి ముందు రేటే తీసుకున్నాడు. పాలప్యాకెట్టు, మంచినీళ్లు ఎంత చెబితే అంత పెట్టి కొంటున్న రోజులవి. ఆ కుర్రాళ్లు నలుగురు ఆయన వెనకాలే తిరిగారు, చేతి చిత్రిక పట్టడం నేర్చుకున్నారు, కరెంటు వచ్చాక మళ్లీ మిషన్లకి వెళ్లిపోయారు. వెళ్లరా మరి, వాళ్లకీ ఇళ్లు గడవాలి.

మా వీధి చివర పడిపోయిన నిద్రగన్నేరు చెట్టు కొమ్మ ఒకటి అడిగి తెచ్చుకుని, చెల్లెలి కూతురికి ఉయ్యాల చేస్తానన్నాడు. పచ్చికర్ర పనికి రాదని దాన్ని పలకలు కోయించి నీడలో ఏడాది ఆరబెట్టాడు. ఆరేసరికి ఆ పిల్ల వీధిలో పరుగులు పెడుతోంది. ఉయ్యాల కాస్తా చదువుకునే బల్ల అయింది. ఇప్పుడా పిల్లది ఆరో తరగతి, ఆ బల్ల మీదే హోంవర్కు చేస్తుంది, సొరుగు లాగితే చప్పుడు రాదు.

తుపాను మరుసటి ఏడాదే తమ్ముడు నాన్నకి లేబర్ కార్డు చేయిద్దామని తిరిగాడు. ఇది మీ పాఠకుల్లో పనివాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. ఇల్లు కట్టే ఖర్చులో 1 శాతం సెస్సు వసూలవుతుంది, సొంతానికి కట్టుకునే చిన్న ఇళ్లకి మినహాయింపు ఉందనుకోండి, ఆ డబ్బు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికని 1996లోనే చట్టం వచ్చింది. తాపీ మేస్త్రికి ఎంత హక్కో వడ్రంగికీ అంతే. కానీ పేరు నమోదుకి వయసు 18 నుంచి 60 లోపు ఉండాలి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు కాగితం కావాలి. నాన్నకి అరవై దాటేసింది. అరవై లోపు ఉన్నన్నాళ్లూ ఆ కార్డు సంగతి ఆయనకి ఒక్క కాంట్రాక్టరూ చెప్పలేదు, చెప్పినా తొంభై రోజుల కాగితం ఎవరిస్తారు, నాలుగు రోజులు ఒకరింట్లో, పది రోజులు ఇంకొకరింట్లో చేసేవాడికి? ఆఫీసులో ఉన్నాయన "ముందు రావాల్సింది" అన్నాడు. అంతే. 2023లో పీఎం విశ్వకర్మ పథకం వచ్చినప్పుడు అందులో 18 వృత్తులు పెట్టారు, వడ్రంగం ఉంది, పడవలు చేసేవాళ్లు కూడా ఉన్నారు. పనిముట్లకి 15 వేలు, 5 శాతం వడ్డీకి అప్పు. తమ్ముడు మళ్లీ ఉత్సాహపడ్డాడు. నాన్నకి అప్పటికి డెబ్భై. "ఇప్పుడు నాకు ట్రైనింగిస్తారా?" అని అడిగి చాలాసేపు నవ్వి, దగ్గు తెర వచ్చి ఆపాడు. పథకం మంచిదే, వయసులో ఉన్నవాళ్లు వదులుకోవద్దు. మా నాన్నకి మాత్రం నలభై ఏళ్లు ఆలస్యం.

పోయే ముందు పెద్దగా ఏమీ బాధపడలేదు. ప్రతి ఆషాఢంలోనూ సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు, నడిచి వచ్చేవాడు, ఆఖరి రెండేళ్లు నడవలేక కొండ కింద తొలిపావంచా దగ్గర కూర్చుని వచ్చేవాళ్లకి మంచినీళ్లు అందించాడు. ఒక రాత్రి అన్నం తిన్నాడు, పొద్దున్న లేవలేదు.

ఇప్పుడు పై అంచు విషయం.

పెద్దకర్మ రోజున ఎంవీపీ కాలనీ నుంచి ఒక పెద్దావిడ వచ్చారు, వాళ్లాయన లెక్చరర్‌గా చేసి పోయారు. మీ ప్రకటనలో ఫొటో చూసి గుర్తుపట్టానన్నారు. హోదా లేకపోయినా ఫొటో ఉంది కదా, అందుకు మీకు ధన్యవాదాలు. ఆవిడ అన్నం తిన్నాక నన్ను పక్కకి పిలిచి, "మీ నాన్న మా దేవుడి గది తలుపు మీద నీ గురించి రాశాడమ్మా, తెలుసా?" అన్నారు. నాకర్థం కాలేదు. సున్నాలు వేయించినప్పుడు పెయింటర్ స్టూలెక్కి చూసి చెప్పాడట, తలుపు పై అంచు మీద పెన్సిల్‌తో ఏదో ఉందని. మర్నాడే వెళ్లాను. స్టూలెక్కి పొడిగుడ్డతో దుమ్ము దులిపితే, వార్నిష్ కింద, ఇప్పుడే రాసినట్టు ఉంది. "జూన్ 96. పెద్ద గుంట పది పేసయింది. 452."

నాకు పదో తరగతిలో వచ్చినవి 425. కొలతలో ఒక్క నూలు తప్పని మనిషి అది ఎలా తప్పు రాశాడో, పొరపాటో, కావాలనో, ఇక అడగడానికి లేదు.

అప్పట్నించి ఆదివారాలు ఇదే పని మాకు. అమ్మకి ఇళ్లన్నీ తెలుసు, పంచెల లెక్కన. తెలియనివాళ్లింటికి వెళ్లి మీ తలుపు పైన చూసుకుంటామండీ అంటే మొదట మొహాలు చూసేవారు, చెప్పాక వాళ్లే నిచ్చెన తెచ్చేవారు. ఇప్పటికి తొమ్మిది ఇళ్లలో చూశాం, ఆరు తలుపుల మీద దొరికాయి. సీతమ్మధారలో వంటింటి తలుపు మీద 1984ది: "దానికి పురుడొచ్చింది. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు." చెల్లి పుట్టిన రోజు. అమ్మకి చదివి వినిపిస్తే "దానికి అట! పేరు రాయడానికి సిగ్గు" అంది, సాయంత్రం దాకా అదే అనుకుంటూ తిరిగింది. అక్కయ్యపాలెంలో 1991ది: "సిన్నోడికి జొరం దిగింది. ఇయాల గంజి తాగేడు." ఒక తలుపు మీద ఊరికే "వోన. పిల్లలు గొడుగు మర్సిపోనారు" అని ఉంది.

పాత పోస్టాఫీసు వైపు ఒక పాత ఇంట్లో, 1986ది, "బాబు పోనాడు. పనికొచ్చేను" అని ఉంది. చెల్లికీ తమ్ముడికీ మధ్య ఒక బాబు పుట్టి పదకొండు రోజులకి పోయాడని మాకు తెలుసు, ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇది అమ్మకి చెప్పలేదు. ఈ ఉత్తరం అచ్చయితే తమ్ముడే చదివి వినిపిస్తాడు, ఈ పేరా దాటించి చదవమన్నాను.

మా ఇంటికి వచ్చాక నేనూ తమ్ముడూ రెండు గదుల తలుపులూ, వీధి తలుపూ, దొడ్డి తలుపూ అన్నీ చూశాం. ఎక్కడా ఒక్క అక్షరం లేదు. చెల్లి కొంచెం చిన్నబుచ్చుకుంది. అమ్మ బియ్యం ఏరుకుంటూ, "ఇంట్లో ఉంటే నోటితో సెప్పీవోడు కదేటి. ఆ పొద్దు ఇంటికాడ లేడు కాబట్టి తలుపుకి సెప్పుకున్నాడు" అంది.

ద్వారకానగర్‌లో ఒక ఇల్లు ఉండేది, నాన్న అందులో ఏడాది పైగా పనిచేశాడు, పద్నాలుగు తలుపులు. వెళ్తే అక్కడ అపార్ట్‌మెంటు పునాదులు తవ్వుతున్నారు. వాచ్‌మన్ని అడిగి, పాత కర్ర కొన్న దుకాణం వెతుక్కుంటూ వెళ్లాం. దుకాణదారు మంచివాడే, టీ ఇప్పించాడు. తలుపులు విప్పి పలకలు వేరు చేసి, అంచులు కోసి, అన్నింటికీ చిత్రిక కొట్టించేశాడు, మంచి టేకమ్మా, కొత్తదానిలా వచ్చింది అని చూపించాడు. నిజమే, కొత్తదానిలా ఉంది. కింద పొట్టు కుప్పగా పోసి ఉంది. తమ్ముడు అందులో చెయ్యి పెట్టి కాసేపు కెలికాడు.

అందుకని మీ పాఠకులకి ఒక విన్నపం, దీని కోసమే ఇంత రాశాను. 1984 నుంచి 2010 లోపు విశాఖలో కట్టిన ఇల్లు మీదైతే, కర్ర తలుపులుంటే, పడగొట్టే ముందో రంగులు వేయించే ముందో ఒకసారి పై అంచు చూడండి. మడతబందుల వైపు ఉంటుంది రాత, అక్షరాలు పెద్దవి, కొంచెం ఎడమకి వాలి ఉంటాయి, మాట ఎలా పలుకుతామో అలాగే రాసి ఉంటుంది. మా నాన్నది కాకపోయినా ఫరవాలేదు, ఇంకో వడ్రంగి కూడా ఏదైనా రాసుకుని ఉండొచ్చు, ఆయన పిల్లలూ ఈ ఊళ్లోనే ఎక్కడో ఉంటారు. దొరికితే ఈ పేపరుకే రాయండి, మా ఇంట్లో రోజూ చదువుతాం. తడిగుడ్డ పెట్టొద్దు, పొడిగుడ్డతో దులపండి చాలు. స్టూలెక్కితే మాత్రం కింద ఒకరు పట్టుకోవాలి, నాన్న ఉంటే ముందు ఆ మాటే చెప్పేవాడు.

ఇట్లు
వడ్రంగి గారి పెద్దమ్మాయి
కంచరపాలెం, విశాఖపట్నం